వాల్వ్ రిపేర్‌కి మామూలు రింగా, సైజు మార్చుకునే రింగా: మా అత్త కోసం వెతికి తెలుసుకున్నది

పోయిన నెల పలమనేరు నుంచి మా బావ ఫోన్ చేసినాడు, "ఏమప్పా, అమ్మకి మిట్రల్ వాల్వ్ లీకంట, ఆపరేషన్ చెయ్యాలంటాండారు, లోపల పెట్టినాక కూడా సైజు మార్చుకునే రింగ్ ఒకటి వచ్చిందంట గదా, అది వేయిస్తే మేలా మామూలుది మేలా, డబ్బులు ఎక్కువైనా పర్లేదు" అని. నేను తొమ్మిదేండ్లు హార్ట్ లంగ్ మిషన్ నడిపినోణ్ణి, అంటే ఆపరేషన్ థియేటర్లో పంపు దగ్గర కూర్చునే మనిషిని, డాక్టర్ని కాదు, అది ముందే చెప్తాండా. కానీ ఈ రింగ్ ప్రశ్న బంధువుల్లో ఇది నాలుగోసారి వచ్చింది కాబట్టి ఒకేసారి రాసి పెట్టేస్తే ఇంకెవరికైనా పనికొస్తాది.

బావకి నేను మొదట చెప్పింది ఒకటే, రింగ్ సంగతి తర్వాత, లీకు ఎందుకొచ్చిందో ఎకో (గుండె స్కాన్) రిపోర్ట్ చూసి చెప్పు అని. అది తెలీకుండా రింగ్ బేరం చెయ్యడం అంటే చెప్పు కొన్నాక కాలు చూసుకోవడమే.

మన పక్క బాయి మోటర్లకి ఫుట్ వాల్వ్ ఉంటాది చూడండి, నీళ్ళు పైకి పోనిస్తాది కిందికి రానీదు. మిట్రల్ వాల్వ్ పనీ అదే, గుండెలో పై గది నుంచి కింది గదిలోకి రక్తం పోనిస్తాది, కింది గది పిండినప్పుడు మూసుకోని వెనక్కి రానీకుండా ఆపుతాది. రెండు రేకులు ఉంటాయి, వాటిని కింద నుంచి సన్నటి దారాల్లాంటివి పట్టుకోని ఉంటాయి, చుట్టూ ఒక అంచు. ఫుట్ వాల్వ్ లీకైతే మనం ఏం చూస్తాం, వాషర్ అరిగిందా, రాయి ఇరుక్కుందా, లేకుంటే బాడీనే పగిలిందా అని. ఇక్కడా అంతే, రేకు వదులైందా, దారం తెగిందా, అంచు సాగిపోయిందా, లేదా జ్వరం వల్ల మొత్తం గట్టిపడిందా. ఈ నాలుగింటికీ మందు ఒకటి కాదు.

రేకు వదులై పైకి ఎగిరిపోవడం లేదా దారం తెగడం అయితే రిపేర్‌కి అంతకంటే మంచి కేసు లేదు, ముఖ్యంగా వెనక రేకు అయితే. సర్జన్ చెడిపోయిన ముక్కని సరిచేసి లేదా కొత్త దారం వేసి, చుట్టూ ఒక రింగ్ కుట్టి అంచుని దగ్గరికి తెస్తాడు. ఇట్లాంటోళ్ళకి లీకు గట్టిగా ఉంటే, ఆయాసం లేకపోయినా సరే, ఎకోలో ఈఎఫ్, అంటే కింది గది ఒక్కో పిండుకి బయటికి తోసే రక్తం శాతం, 60కి దిగినా, కింది గది ముడుచుకున్నప్పటి సైజు 40 మిల్లీమీటర్లకి చేరినా ఇంక ఆలస్యం చెయ్యొద్దు అనేది అమెరికా గుండె సంఘాల 2020 గైడ్‌లైన్. "బాగానే తిరుగుతాండా గదా" అని రెండేండ్లు వాయిదా వేసి, కండరం అలిసిపోయినాక వచ్చేవాళ్ళని నేను చాలామందిని చూసినా. అప్పుడు ఎంత మంచి రింగ్ వేసినా పోయిన బలం మొత్తం తిరిగి రాదు.

రెండో రకం, హార్ట్ ఎటాక్ వచ్చి కింది గది ఉబ్బిపోయి, రేకులు బాగానే ఉన్నా కిందికి లాగబడి కలుసుకోలేకపోవడం. ఇక్కడ వాల్వ్ తప్పు లేదు, గోడ వంగితే తలుపు పట్టనట్టు. సైజు మార్చుకునే రింగ్ మాట ఎక్కువగా వినపడేది ఈ కేసుల్లోనే, అందుకే దీని దగ్గరికి మళ్ళీ వస్తా.

మూడోది మన ఊళ్ళల్లో ఇంకా పోని జబ్బు, చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ళవాపు జ్వరం వచ్చి పోయి, పదేండ్లకో ఇరవై ఏండ్లకో గుండె మీద బయటపడే రుమాటిక్. ఇందులో రేకులు మందమై అతుక్కుంటాయి. లీకు పెద్దగా లేకుండా దారి ఇరుకు మాత్రమే అయితే, రింగూ వద్దు రొమ్ము కోయడమూ వద్దు, తొడ నరం లోంచి బెలూన్ పంపి తెరుస్తారు. జపాన్‌లో కాంజీ ఇనోయె అనే సర్జన్ 1982లో మొదలుపెట్టిన పద్ధతి అది, ఈరోజు మన దగ్గర కూడా మామూలైపోయింది. ఇరుకు మాత్రమే ఉండి బెలూన్ సరిపోయే పిల్లకి రింగ్ గురించి వెతుకుతా కూర్చున్న తల్లిదండ్రులని చూసినా, అందుకే ఇంత గట్టిగా చెప్తాండా. ఇరుకూ లీకూ రెండూ ఉండి, రేకులు సున్నం పట్టినట్టు గట్టిపడి ఉంటే మాత్రం చాలాసార్లు వాల్వ్ మార్చడమే దారి, రిపేర్ చేసినా మళ్ళీ జబ్బు తినేస్తాది.

మార్చేదానికీ రిపేర్‌కీ తేడా ఏందంటారా. మెటల్ వాల్వ్ అయితే ఏండ్లకేండ్లు నిలుస్తాది, మన తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో తయారైన చిత్ర వాల్వ్ 1990 డిసెంబర్లో మొదటిసారి మనిషికి పెట్టినారు, విదేశీ వాటికంటే తక్కువ ధరకి ఎంతోమందికి దిక్కైంది అది. కానీ మెటల్ పెట్టినాక బతికినన్నాళ్ళు రక్తం పల్చబడే మందు, అసిట్రోమో వార్ఫరినో, వేసుకోవాల, రక్తం ఎంత పల్చబడిందో చెప్పే ఐఎన్ఆర్ అనే లెక్క మిట్రల్ చోట అయితే 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుకోవాల, నెలనెలా రక్త పరీక్షకి ఇచ్చి చూసుకోవాల. పెళ్ళి కాని ఆడపిల్లలకి, పిల్లలు కావాలనుకునే వాళ్ళకి ఈ మందు పెద్ద తలనొప్పి, కడుపులో బిడ్డకి మంచిది కాదు. జంతువు కణజాలంతో చేసిన టిష్యూ వాల్వ్ అయితే మూడు నెలల తర్వాత ఆ మందు చాలామందికి అక్కర్లేదు, కానీ పది పదిహేనేండ్లకి అరుగుతాది, వయసు తక్కువైతే ఇంకా తొందరగా. రిపేర్ అయితే మన వాల్వ్ మనకే ఉంటాది, అందుకే రిపేర్ అయ్యే కేసులో సర్జన్ మార్చేద్దాం అంటే ఇంకొక చోట అడగడం తప్పు కాదు.

ఇంక రింగ్‌లకి వద్దాం. ఫ్రాన్స్‌లో అలాన్ కార్పెంటియే 1960ల చివర్లో మొదలుపెట్టినాడు ఈ రింగ్ వేసే పద్ధతి. ఆయనది గట్టి రింగ్, తర్వాత డురాన్ మెత్తటి రింగ్ తెచ్చినాడు, ఆ తర్వాత కొంచెం గట్టి కొంచెం మెత్త అయిన సెమీ రిజిడ్, చుట్టూ కాకుండా వెనక మాత్రమే వచ్చే బ్యాండ్, ఇట్ల వచ్చినాయి. ఏది గొప్పది అని అడిగితే ప్రతి సర్జన్ తనకి చేయి అలవాటైనదే చెప్తాడు, నాకైతే వాళ్ళ మాటలో తప్పు కనపడలా. గది ఉబ్బిన కేసుల్లో గట్టిదాని వైపు మొగ్గు ఉంటాది, మిగిలినవాటిలో ఫలితం రింగ్ మెత్తదా గట్టిదా అనేదాని మీద కంటే రేకు ఎట్ల సరిచేసినారు అనేదాని మీదే నడుస్తాది. మెత్తదా గట్టిదా అని పేషెంటు తరపు వాళ్ళు తల పగలగొట్టుకోవాల్సిన పని లేదు.

సైజు మాత్రం తల పగలగొట్టుకోవాల్సిందే. తిరుపతి గోవిందరాజుల గుడి చుట్టూ గాజుల అంగళ్ళలో రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అని సైజులు ఉన్నట్టే రింగ్‌లు కూడా సరిసంఖ్యల్లో వస్తాయి, 24, 26, 28 అట్ల 40 దాకా, మిల్లీమీటర్లలో. సర్జన్ ఒక కొలత అచ్చు తీసుకోని ముందు రేకు మీద పెట్టి చూసి సైజు చెప్తాడు. ఇక్కడే ఉండాది అసలు చిక్కు. ఆ కొలత తీసేటప్పుడు గుండె ఆగిపోయి ఉంటాది, నేను పంపులో రక్తం తిప్పుతా ఉంటా, గుండె మెత్తటి గుడ్డలాగా పడుంటాది. రింగ్ కుట్టినాక సిరంజితో సెలైన్ నీళ్ళు లోపలికి కొట్టి లీకు చూస్తారు, అప్పుడు చుక్క కారకపోవచ్చు. కానీ గుండె మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టి బీపీ 120కి వచ్చినాక లోపల ఆకారమే మారిపోతాది. పొద్దున చల్లటి చేతికి కొలిచి కొన్న గాజు మధ్యాహ్నం వంటింట్లో బిగుసుకుపోయినట్టు.

నేను ఉన్న ఒక ఆసుపత్రిలో, పేరెందుకు, ఒకరోజు పంపు ఆపేసి ట్యూబులు తీసేద్దాం అనుకుంటా ఉంటే అన్నవాహికలోంచి పెట్టే ఎకో, టీఈఈ అంటారు, అది చూసే మేడం "లీకు ఇంకా ఉంది సార్" అనింది. గదిలో ఎవరూ మాట్లాడలా. మళ్ళీ పంపు ఎక్కించి, మళ్ళీ గుండె ఆపి, రింగ్ తీసి చిన్నది వేసినారు, ఇంకో గంట పైనే పట్టింది. పేషెంటు బాగానే ఇంటికి పోయినాడు, కానీ ఐసీయూలో నాలుగు రోజులు ఎక్కువ ఉండాల్సొచ్చింది. రెండోసారి పంపు ఎక్కడం అంటే రక్తస్రావం, కిడ్నీల మీద భారం, గుండె కండరానికి ఇంకోసారి ఉపవాసం. సైజు మార్చుకునే రింగ్ ఎందుకు పుట్టిందో ఆరోజు నాకు బుర్రకెక్కింది, ఈ రెండోసారి పంపు తప్పించేదానికి.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1970లు 80ల్లోనే స్పెయిన్ సర్జన్ పుయిగ్ మసానా పేరుతో ఒక రింగ్ ఉండేది, లోపల దారం, పైజామా నాడా లాగినట్టు లాగి ముడి వేసేది. తర్వాత వచ్చినవాటిని మూడు రకాలుగా అనుకోవచ్చు. ఒకటి, రింగ్‌కి సన్నటి పరికరం తగిలించి ఉంచి, గుండె కొట్టుకోవడం మొదలైనాక ఎకో చూస్తా తిప్పి బిగించి, సరిపోయినాక పరికరం తీసేసేది. ఇజ్రాయెల్ వాల్టెక్ కంపెనీ ఇట్లాంటిది చేసింది. రెండు, వేడి తగిలితే ఆకారం మారే నిటినాల్ లోహంతో చేసినవి, మైకార్డియా రింగ్ ఆ రకం, రేడియో తరంగాల కరెంటుతో వేడి చేస్తే ముందు వెనక దూరం తగ్గుతాది. మూడు, రొమ్ము కోయకుండానే తొడ నరం నుంచి పోయి అంచు వెంబడి మేకుల్లాంటివి దించి బ్యాండ్ బిగించేది, దాని పేరు కార్డియోబ్యాండ్, వాల్టెక్‌దే, 2015లో యూరప్ అనుమతి వచ్చింది, తర్వాత ఆ కంపెనీని ఎడ్వర్డ్స్ కొనేసింది. ఈ మూడోదాన్ని మొదటి రెండింటితో కలిపి మాట్లాడకండి, అది ఆపరేషన్ తట్టుకోలేని వాళ్ళ కోసం పుట్టింది, మన ఇంట్లో 55 ఏండ్ల మనిషి నడిచి ఆసుపత్రికి పోయే స్థితిలో ఉంటే ఆ లెక్క వేరే.

సరే, మంచిది గదా మరి అందరికీ ఇదే వేయొచ్చు గదా అంటే, ఇక్కడ నా మాట కొంచెం చేదుగా ఉంటాది. దారం తెగిన కేసులో, రిపేర్లు రోజూ చేసే సర్జన్ చేతిలో మామూలు రింగ్‌తో 95 శాతం పైనే రిపేర్ నిలబడాలనేది మంచి సెంటర్లకి పెట్టుకున్న గీటురాయి. అట్లాంటి చోట సైజు తిప్పుకునే సౌకర్యం వల్ల అదనంగా దక్కేది చాలా తక్కువ. అదే సర్జన్ ఏడాదికి నాలుగైదు రిపేర్లు మాత్రమే చేసేవాడైతే, రింగ్ ఎంత ఖరీదైనదైనా రేకు కుట్టు తప్పితే రింగ్ కాపాడదు. డబ్బులు రింగ్ మీద పెట్టడం కంటే బస్సు టికెట్ మీద పెట్టి రిపేర్లు ఎక్కువ చేసే చోటికి పోవడం లాభం, చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ ఎంత దూరం, గంట ప్రయాణం.

ఇంక ఎటాక్ తర్వాత గది ఉబ్బిన కేసు. ఇందులో అమెరికాలో పెద్ద పరిశోధన జరిగింది, రింగ్ వేసిన వాళ్ళనీ వాల్వ్ మార్చిన వాళ్ళనీ రెండేండ్లు చూసినారు. బతికినవాళ్ళ లెక్కలో పెద్ద తేడా లేదు, కానీ లీకు ఓ మోస్తరుగానో గట్టిగానో తిరిగొచ్చింది రింగ్ వేసిన వాళ్ళలో 58.8 శాతం మందికి, మార్చిన వాళ్ళలో 3.8 శాతానికి. చిన్న సైజు రింగ్ బిగించినా కూడా. ఎందుకంటే రింగ్ అంచుని పట్టుకుంటాది గానీ కింద గది ఉబ్బడం ఆపలేదు. ఆపరేషన్ అయినాక నెలలకి, ఏడాదికి మళ్ళీ బిగించుకునే రింగ్ ఉంటే బాగుండునే అనే ఆశ ఇక్కడి నుంచే వచ్చింది, చర్మం కింద తీగ చివర వదిలి ఉంచి అవసరమైతే మళ్ళీ వేడి చేసే నమూనాలు అందుకే వచ్చినాయి. ఆశ న్యాయమైందే. కానీ కార్పెంటియే తరహా రింగ్‌లకి ఇరవై ఏండ్ల పైబడిన అనుభవం కాగితం మీద ఉండాది, వీటికి ఉన్నది కొద్దిమంది మీద కొద్ది ఏండ్ల అనుభవం. నా సొంత మనిషైతే ఇట్లాంటి కేసులో నేను, సర్జన్ ఒప్పుకుంటే, రేకుల దారాలు కోసేయకుండా ఉంచి వాల్వ్ మార్చమంటా.

ఆపరేషన్ తట్టుకోలేరు అన్నవాళ్ళకి క్లిప్ ఉండాది, మైట్రాక్లిప్ అని, రెండు రేకుల్ని మధ్యలో బట్టల క్లిప్పు పెట్టినట్టు పట్టేది. ఇటలీ సర్జన్ ఆల్ఫియేరి 1991లో కుట్టుతో చేసిన పనినే క్యాథెటర్‌తో, అంటే నరం లోంచి పంపే సన్నటి గొట్టంతో, చేస్తాది. 2018లో రెండు పరిశోధనలు వచ్చినాయి, ఒకదాంట్లో రెండేండ్లలో చనిపోయినవాళ్ళు 46.1 శాతం నుంచి 29.1కి తగ్గినారు, ఇంకోదాంట్లో లాభమే కనపడలా. లీకు ఎక్కువగా ఉండి గది మరీ ఉబ్బని వాళ్ళకి పనికొచ్చింది అని పెద్దలు అర్థం చెప్పుకుంటారు. ముందు మందులు పూర్తి డోసులో వాడి చూసినాకే దీని మాట ఎత్తాల. ఖర్చు లక్షల్లోనే.

ఒక అపోహ తీసేయాల, బిగుతు ఎక్కువైతే మంచిదనుకుంటారు. కాదు. రేకు పెద్దగా ఉండి రింగ్ చిన్నదైతే ముందు రేకు పోయి రక్తం బయటికి పోయే దారికి అడ్డం పడతాది, శామ్ అంటారు థియేటర్లో, బీపీ పడిపోతాది. మరీ బిగిస్తే లీకు పోయి ఇరుకు వస్తాది. కాబట్టి ఎవరైనా సైజు మార్చుకునే రింగ్ గురించి చెప్తే మొదట అడగాల్సింది, ఇది బిగించేదానికేనా, వదులు కూడా చెయ్యొచ్చా అని. ఆ తర్వాత, మన దేశంలో మందులకీ పరికరాలకీ అనుమతిచ్చే సీడీఎస్‌సీఓ అనుమతి ఉందా, మీరు సొంతంగా ఎన్ని పెట్టినారు, థియేటర్లో టీఈఈ చూసే మనిషి ఆరోజు ఉంటారా, లీకు మిగిలితే మీ ప్లాన్ ఏంది అని. చివరి ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పిన సర్జన్ దగ్గర మామూలు రింగ్ వేయించుకున్నా నిద్ర పడతాది.

కుడి వైపు ట్రైకస్పిడ్ వాల్వ్‌కి కూడా "ఎట్లాగూ తెరిచినాం గదా" అని రింగ్ వేస్తామంటే కారణం అడగండి. మిట్రల్‌తో పాటు దాన్నీ చేసినోళ్ళలో పేస్‌మేకర్ పెట్టాల్సొచ్చింది 14.1 శాతం మందికి, చెయ్యనోళ్ళలో 2.5 శాతానికే అని 2022లో లెక్క వచ్చింది. గుండెని కొట్టుకోమని చెప్పే, కరెంటు తీగ లాంటి కణజాలం ఆ పక్కనే పోతాది, అందుకే ఆ రింగ్‌కి ఒక పక్క తెరిచి ఉంచుతారు. లీకు గట్టిగా ఉంటే వేయాల్సిందే, ఊరికే అయితే వద్దు.

చిన్నపిల్లల సంగతి వేరే. పిల్ల పెరుగుతాది, రింగ్ పెరగదు. అందుకే కుట్లతోనో, సగం బ్యాండుతోనో, కొన్ని చోట్ల కరిగిపోయే రింగ్‌తోనో సరిపెడతారు. తిరుపతిలో టీటీడీ పెట్టిన పద్మావతి హృదయాలయం 2021 అక్టోబర్ నుంచి పిల్లల గుండె కోసమే నడస్తాంది, పిల్లల కేసైతే ముందు అక్కడ చూపించండి, బెంగళూరు చెన్నై అని పరిగెత్తకముందు.

డబ్బుల విషయం. పెద్దవాళ్ళకి తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి ఉండనే ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చోని, మా కేసుకి ఏ ప్యాకేజీ కింద రాస్తాండారు, అందులో రింగ్ కలిసిందా, వేరే రింగ్ కావాలంటే తేడా మేము కట్టుకోవచ్చా లేకుంటే ప్యాకేజీ మొత్తం పోతాదా అని ఆపరేషన్ ముందే తేల్చుకోండి. లేనివాళ్ళకి టీటీడీ ప్రాణదానం ట్రస్ట్ కూడా ఉండాది. థియేటర్లోకి తీసుకుపోయే రోజు పొద్దున ఎవరో వచ్చి "దీనికంటే మంచిది ఉంది, ఇంత కట్టండి" అంటే సంతకం పెట్టొద్దు, అది రాత్రి వంటకి సరుకులు కొన్నట్టు తేల్చే విషయం కాదు.

ఏ రింగ్ వేసినా తర్వాతి పనులు అవే. మూడు నెలలు చాలామందికి రక్తం పల్చబడే మందు ఇస్తారు, ఆ టైంలో గోంగూర, తోటకూర మానేయక్కర్లేదు, ఎంత తిన్నా ప్రతి వారం ఒకే లెక్కలో ఉంటే చాలు, ఒకరోజు గిన్నెడు తిని వారం మానేస్తేనే ఐఎన్ఆర్ ఎగిరి దూకుతాది. పళ్ళు పీకించుకోవాలంటే రింగ్ ఉన్నట్టు ముందే చెప్పాల, గంట ముందు యాంటీబయాటిక్ ఇస్తారు. రుమాటిక్ ఉన్నోళ్ళు ఆపరేషన్ అయిపోయింది గదా అని మూడు నాలుగు వారాలకి వేసే పెన్సిలిన్ సూది మానేస్తారు, అది మానడం అంటే కొత్త వాషర్ వేసి బాయిలో మళ్ళీ ఇసుక పోసినట్టే.

అత్త రిపోర్ట్ చివరికి వాట్సాప్‌లో వచ్చింది, వెనక రేకు దారం తెగింది, ఈఎఫ్ 64, ముడుచుకున్న సైజు 37. బావకి చెప్పినా, ఇది మామూలు రింగ్ కేసు, 60, 40 గీతలు ఇంకా దాటలేదు గానీ దగ్గరికొచ్చింది, వాయిదా వేయొద్దు అని. 32 సైజు సెమీ రిజిడ్ వేసినారు, పంపు ఒక్కసారే ఎక్కింది, టీఈఈలో లీకు లేదు. బావ ఆ రింగ్ కంపెనీ కార్డుని, సైజూ సీరియల్ నంబరూ ఉన్నదాన్ని, లామినేషన్ చేయించి రేషన్ కార్డుతో కలిపి బీరువాలో పెట్టినాడు. ఫోటో తీసి ఫోన్లో కూడా పెట్టుకో అప్పా అని చెప్పినా, రేపు ఎంఆర్ఐ తీయాలంటే మొదట అడిగేది ఆ నంబరే.